రైతు బజారుకు అంటగట్టిన మురికి

మా వదిన రైతు బజారుకు వెళ్లడం మానేసి నాలుగేళ్లయింది. ధర ఎక్కువని కాదు, దూరమనీ కాదు. పర్యావరణం కోసమట. "ఆ బురదేమిటి, ఆ చెత్తేమిటి, ఆ కవర్లేమిటి! మేం ఆర్గానిక్ తెప్పించుకుంటున్నాం. ఇంటికే వస్తుంది, నీట్‌గా ఉంటుంది" అంటుంది. పోయిన నెల వాళ్లింటికి భోజనానికి వెళ్లిన పూట ఆ నీటైన సరుకు నా కళ్ల ముందే దిగింది. తెల్లటి థర్మోకోల్ పళ్లెంలో పదీ పన్నెండు బెండకాయలు, మీద బిగించిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద ఆకు బొమ్మ స్టిక్కరు. పచ్చిమిరపకాయలకు మూతున్న డబ్బా. కొత్తిమీరకు గొట్టంలాంటి తొడుగు. ఇవన్నీ మోసుకొచ్చింది మాత్రం కాగితం సంచి. "చూశావా, కాగితం సంచీలో ఇస్తారు" అంది వదిన, మురిపెంగా.

వదిన ఒక్కతే అయితే ఊరుకుందును. ఈ మాట ఇప్పుడు మా అపార్ట్‌మెంటు మీటింగులో వినిపిస్తోంది, కాలేజీ పిల్లల నోట వినిపిస్తోంది, ఆదివారం అనుబంధాల్లో కనిపిస్తోంది. రైతు బజారంటే పేదలకూ పెన్షనర్లకూ పనికొచ్చే చవక బజారు. భూమి గురించి పట్టింపు ఉన్నవాళ్లు వెళ్లాల్సింది సర్టిఫికెట్ ఉన్న షాపుకో, చల్లటి గిడ్డంగి ఉన్న యాప్‌కో. రైతు బజారు బాగుపడాలంటే అదీ వాటిలాగే మారాలి: ఏసీ పెట్టాలి, టైల్స్ వేయాలి, ప్యాక్ చేసి అమ్మాలి. ఈ అభిప్రాయం ఎంత గట్టిపడిందంటే దాన్ని ఎవరూ వాదించాల్సిన పని కూడా లేదిప్పుడు. అందరికీ తెలిసిన సంగతిలా చలామణీ అవుతోంది. నాకు మాత్రం ఇది తలకిందులు వాదంగా కనిపిస్తుంది.

ముందు ఆ మురికి దగ్గరికే వెళదాం. ఉదయం పది దాటాక ఏ రైతు బజారు వెనక గోడ దగ్గరికైనా వెళ్లి, ముక్కు మూసుకుని అయినా సరే, ఆ కుప్పలో ఏముందో చూడండి. కాలీఫ్లవర్ ఆకులు, క్యాబేజీ పైరేకులు, ముల్లంగి ఆకు, మొక్కజొన్న పొత్తుల మీది పొట్టు, గోంగూర కాడలు, నలిగిన టమాటాలు, అరటి గెల బోదె. నూటికి తొంభై పాళ్లు పొద్దున చేలో ఉన్నదే. దీనికి మురికని పేరు పెట్టింది మనం. ఇదే ఆకును ఇదే ఊళ్లో పాలవాళ్లు గేదెలకు పట్టుకుపోతారు. యాప్ పంపిన కాలీఫ్లవర్‌కు ఆకులు ఎందుకు లేవంటే ఆకులు లేకుండా పుట్టిందని కాదు. ఊరి చివర ఏదో షెడ్డులో, మన కంటికి ఆనని చోట ఎవరో దినకూలీకి వాటిని కోసి పారేశారు. అక్కడా ఓ కుప్ప ఉంది. ఆ కుప్ప పక్కన మనం ముక్కు మూసుకుని నడవక్కర్లేదు, అంతే తేడా. దానికి తోడు ఆ పువ్వు చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ పొర మన ఇంట్లో విప్పగా మరో చెత్త పుడుతుంది. దాన్ని గేదె తినకూడదు. కానీ మన ఊళ్లలో గేదెలు, ఆవులు తింటున్నాయి, కడుపుబ్బి చస్తున్నాయి.

ఆకుల కుప్ప సమస్యే కాదని నేననడం లేదు. తడి చెత్తను పొడి చెత్తతో కలిపి లారీకెత్తి డంపింగ్ యార్డులో గుట్టగా పోస్తే, అడుగున గాలి ఆడక కుళ్లి మీథేన్ పుడుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు గట్టిది. మంటలు దాని వల్లే, కంపు ఆ కుళ్లు వల్ల. హైదరాబాదులో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల కాపురముంటున్నవాళ్లను అడిగితే ఆ కంపు ఎలాంటిదో చెబుతారు. అయితే ఈ నేరం కూర తెచ్చిన రైతుదా, లారీకెత్తిన వాళ్లదా? కూరగాయల మార్కెట్ల చెత్తను ఏ రోజుదా రోజు ఎత్తాలి, మార్కెట్లోనో దాని దగ్గర్లోనో కంపోస్టు ప్లాంటో గ్యాస్ ప్లాంటో పెట్టించాలి అని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే స్థానిక సంస్థలకు చెప్పాయి. కాగితం మీద పని ఎప్పుడో అయిపోయింది.

కాగితం మీద కాకుండా నేల మీద చేసిన చోటు కూడా మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్ పక్కన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. అది రైతు బజారు కాదు, పెద్ద టోకు మార్కెట్. అక్కడ పోగయ్యే చెత్త ముందు రైతు బజారు చెత్త ఏపాటి? అయినా అక్కడ ఆ చెత్తను యంత్రంలో వేసి, గాలి తగలని తొట్టెలో పులియబెట్టి, వచ్చిన గ్యాసుతో కరెంటు తీస్తున్నారు. తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతి అది. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాసు. కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాసు అక్కడి క్యాంటీన్‌కు. 2021 జనవరి 31న ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఈ మార్కెట్ గురించే చెప్పారు. ఆ రోజు ఊరంతా మురిసింది. ఆ మర్నాటి నుంచి ప్రతి రైతు బజారు గోడ పక్కనా ఓ చిన్న తొట్టె లేచి ఉండాల్సింది. దాని బదులు ప్రతి గేటుకూ "ప్లాస్టిక్ వాడరాదు" అని ఫ్లెక్సీ లేచింది. ఆ ఫ్లెక్సీ కూడా ప్లాస్టికే అని వేరే చెప్పాలా?

ఇక చల్లటి గిడ్డంగుల వాళ్ల బ్రహ్మాస్త్రం దగ్గరికి వద్దాం. "మన దేశంలో పండే కూరగాయల్లో 40 శాతం కుళ్లిపోతున్నాయి." ఈ మాట మీరు ఎన్నిసార్లు వినుంటారో! చిల్లర వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడి రావాలా వద్దా అని 2012లో గొడవ జరిగినప్పుడు టీవీ చర్చల్లో ఈ 40 మోగని రోజు లేదు. రైతు బజారులాంటి పాత పద్ధతులే ఈ నష్టానికి మూలమనీ, పెద్ద కంపెనీలు దిగితే ఆగుతుందనీ దాని సారం. లూధియానాలోని కేంద్ర ప్రభుత్వ కోతానంతర పరిశోధన సంస్థ, సీఫెట్, 2015లో దేశమంతా లెక్కగట్టి ఇచ్చిన నివేదికలో కూరగాయల నష్టం 4.58 నుంచి 12.44 శాతం. ఆ పైమెట్టు మీదున్నది టమాటా. పళ్లలో అన్నిటికంటే ఎక్కువ జామ, 15.88 శాతం. 2022లో నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ మళ్లీ లెక్కపెడితే కూరగాయల నష్టం 4.87 నుంచి 11.61 మధ్య తేలింది. తక్కువేమీ కాదు, రైతు చెమటలో ప్రతి శాతమూ ఎక్కువే. కానీ 12కూ 40కీ నడుమ ఉన్న ఆ 28 ఎవరు కుళ్లబెట్టారు? ఎక్కడా కుళ్లలేదు. టీవీ స్టూడియోల్లో పండింది, అక్కడే అమ్ముడుపోయింది.

అసలు పారబోత ఎక్కడ జరుగుతోందో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక చెబుతుంది. 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలో, 28 శాతం హోటళ్లూ క్యాంటీన్లలో, 12 శాతం దుకాణాల్లో. మన దేశంలో ఇళ్లలో పారేసేది తలకు ఏడాదికి 55 కిలోలని దాని అంచనా. అంటే నేరస్థలం మన ఫ్రిజ్. అందులోనూ అడుగున గాజు మూత ఉన్న ఆ కూరగాయల డబ్బా. "రెండు కొంటే ఒకటి ఉచితం" అని ప్యాకెట్ మీద వేసి అమ్మిన క్యారెట్ ఎక్కడ తేలుతుందో ఏ ఇల్లాలినైనా అడగండి. రైతు బజారులో పావు కిలో అడిగితే పావు కిలో తూచి ఇస్తారు. రెండు మునక్కాడలు కావాలంటే రెండే. ఒక్క నిమ్మకాయ కొనుక్కున్నా ఎవరూ అదోలా చూడరు. విడిగా పోసి అమ్మడమన్నది పాతకాలపు మోటు అలవాటని నవ్వుతాం గానీ, ఎంత వండుతామో అంతే కొనుక్కునే వీలు దాంట్లోనే ఉంది. ప్యాకెట్‌లో కంపెనీ వాడి లెక్క ఉంటుంది, మన పొయ్యి లెక్క ఉండదు.

సాయంత్రం బేరం సంగతి కూడా చెప్పాలి. ఏడు దాటితే బజారు రూపం మారిపోతుంది. పొద్దున కిలో ముప్పై అన్న టమాటా ఇరవై అవుతుంది, పదిహేనవుతుంది, చివరికి "గుట్ట ఇరవై, తీసుకపో" అవుతుంది. మెస్సులు నడిపేవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు, పచ్చళ్లు పెట్టేవాళ్లు సంచులు పట్టుకుని దిగేది అప్పుడే. నలిగిన టమాటా పప్పులోకి, ముదిరిన బెండకాయ పులుసులోకి, వాడిన తోటకూర వేపుడులోకి. ఏ కంప్యూటరూ లేకుండా ఏ సరుకు ఏ పూట ఏ ధరకు కదలాలో ఆ బజారే లెక్క కడుతుంది. సూపర్‌మార్కెట్ ఆ పని చెయ్యలేదు. నలిగిన కాయ అరలో కనిపిస్తే దుకాణం పరువు పోతుందని భయం. అందుకే వంకరకాయను వాకిట్లోంచే తిప్పి పంపుతుంది. ఈ పిచ్చి ఎంత దూరం పోయిందంటే 1988లో ఐరోపా వాళ్లు కీరదోసకాయ వంపుకు చట్టం రాసుకున్నారు: పై తరగతి కాయ పది సెంటీమీటర్ల పొడవుకు పది మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. నవ్వుల పాలై, 2009లో 26 రకాల కూరగాయలకూ పళ్లకూ ఆ కొలతలు ఎత్తేశారు. వాళ్లు వదిలించుకున్న జబ్బును మనం యాప్‌లో ఫొటో చూసి కొంటూ తెచ్చుకుంటున్నాం.

ఇక్కడ మా పక్షం వాళ్లతోనూ ఓ పేచీ ఉంది. రైతు బజారును వెనకేసుకొచ్చేవాళ్లు తరచుగా చెప్పే మాట: "చేవెళ్ల నుంచి వచ్చిన కూర కదా, లారీ పొగ లేదు, అందుకే మంచిది." వినడానికి బాగుంటుంది, నిలబడదు. 2008లో అమెరికాలో వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి తిండి వెనకున్న కర్బన లెక్క తీస్తే 83 శాతం పండించడంలోనే పోయింది. రవాణా అంతా కలిపి 11 శాతం. సరుకు దుకాణం దాకా చేరే ఆఖరి ప్రయాణం వాటా 4 శాతమే. వాళ్ల పళ్లెంలో మాంసం, పాలు ఎక్కువ కాబట్టి ఆ అంకెలు మనకు అచ్చంగా అతకవు. అయినా మూలం మాత్రం అదే: దూరం కన్నా సాగు ముఖ్యం. పైగా రైతు బజారులో ఉన్నదంతా చుట్టుపక్కల పండిందే అనుకోవడం కూడా భ్రమ. ఉల్లి, ఆలు మన చుట్టూ సరిపడా పండవు కాబట్టి మొదటి నుంచీ వాటిని బయటి నుంచి తెప్పించి మహిళా సంఘాల చేత అమ్మిస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, దాచాల్సిందీ లేదు. దూరం మీద అంత పట్టింపు ఉంటే, రెండు కిలోల వంకాయలకు కారేసుకుని వచ్చి గేటు ముందు ఇంజను ఆపకుండా నిలబెట్టే పెద్దమనిషి పొగను ముందు లెక్కించాలి. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలైనప్పుడు పల్లెల నుంచి తెల్లవారుజామున గంపలతో సహా రైతుల్ని ఎక్కించుకొచ్చే ఆర్టీసీ బస్సులు వేశారు. ఓ బస్సులో నలభై మంది, నలభై గంపలు. అంతకన్నా పచ్చటి బండి ఈ పాతికేళ్లలో ఎవడూ కనిపెట్టలేదు. ఇప్పుడు వాళ్లంతా ఎవరి ట్రాలీ ఆటో వాళ్లు మాట్లాడుకుని వస్తున్నారు. బస్సు గురించి ఏ పర్యావరణ దినోత్సవం నాడూ ఎవరూ అడగలేదు.

అడిగేదంతా సంచి గురించే. సంచి అంటే మన వాళ్లకు ఎక్కడ లేని ఉత్సాహం. ర్యాలీలు, ప్రతిజ్ఞలు, ఫొటోలు, ఉచిత పంపిణీ. మన చేతికి వచ్చే ఆ పంపిణీ సంచిని ఓసారి ఎండకు పట్టి చూడండి. బట్టలా మెత్తగా ఉంటుంది, సన్నటి చుక్కల అచ్చు ఉంటుంది, కొద్ది నెలలకు చిల్లులు పడి పొడిపొడిగా రాలుతుంది. అది బట్ట కాదు, నేయని పాలీప్రొపిలీన్, నిఖార్సైన ప్లాస్టిక్. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా పల్చనివి వాడకూడదని 2021 సెప్టెంబరు 30 నుంచి ఆంక్ష ఉంది. మామూలు క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల మందం ఉండాలి. ఉన్నాయా? బజారులో ఊదితే ఎగిరే కవర్లు ఇప్పటికీ ఉన్నాయి, నేను కాదనను. కానీ ఆ కవరు తయారైన ఫ్యాక్టరీకి గోడలు, తలుపు, కరెంటు మీటరు అన్నీ ఉంటాయి. జరిమానా రశీదు మాత్రం అక్కడ తెగదు, పాలకూర అమ్ముకునే ఆవిడ ముందు తెగుతుంది.

అయితే అసలు నూలు సంచే ఇద్దామంటారా? 2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖ లెక్క వేయించింది. ఒక నూలు సంచి తన కర్బన భారం విషయంలో మామూలు ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే కనీసం 52 సార్లు వాడాలి. నీళ్లు, ఎరువు, ఓజోను అన్నీ కలిపి చూస్తే 7,100 సార్లు. పత్తి ఎంత మందు, ఎంత నీరు తాగుతుందో మన ఆదిలాబాద్, గుంటూరు రైతుల్ని అడిగినా చెబుతారు. సముద్రంలో కలిసే ప్లాస్టిక్ గొడవ ఆ లెక్కలో లేదు కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నాకు అందులో దొరికిన సంగతి ఒక్కటే: సంచి దేనితో చేశారన్నది కాదు, ఎన్నేళ్లు వాడామన్నది. మా అమ్మ దగ్గర ఓ వైరు బుట్ట ఉండేది. ఆకుపచ్చ, తెలుపు గళ్లు. అదీ ప్లాస్టికే. ఎదురింటి పిన్నిగారు అల్లి ఇచ్చారు. నా స్కూలు రోజుల్లో అల్లినది, నా పెళ్లి దాకా నడిచింది. ఒక చెవి తెగితే చీర అంచుతో కట్టి మరో మూడేళ్లు లాగింది. ఏ ప్రతిజ్ఞా చేయకుండా, ఏ ఫొటోకూ నిలబడకుండా. ఇప్పుడు మా ఇంట్లో కాన్ఫరెన్సుల్లో ఇచ్చిన నూలు సంచులు పదకొండు ఉన్నాయి. వాటి మీద భూమి బొమ్మలున్నాయి. బజారుకు వెళ్లేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు.

ఇంతవరకూ రైతు బజారును సమర్థించాను. ఇప్పుడు దాని నిజమైన తప్పు దగ్గరికి రావాలి, ఎందుకంటే విమర్శకులు వేలు పెట్టిన చోట తప్పు లేదు, తప్పున్న చోట వాళ్లు వేలు పెట్టలేదు.

కిందటి ఏడు వానాకాలంలో నేను ఎప్పుడూ కొనే అవ్వ దగ్గర వంకాయలు ఏరుతున్నాను. నున్నగా, నిగనిగలాడుతూ, ఒక్క పుచ్చు లేదు. ఉత్తపుణ్యానికి అడిగాను: "మందు ఎన్నిసార్లు కొట్టినవు అవ్వా?"

"శానా సార్లే కొట్టిన బిడ్డా" అంది, దాపరికం లేకుండా. "మొన్న సుత కొట్టిన. కొట్టకుంటే పుచ్చొస్తది. పుచ్చొస్తే నువ్వు కొంటవా?"

నా చేతిలో అప్పటికే ఓ కాయ ఉంది. తొడిమె పక్కన చిన్న చిల్లు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టబోతున్నాను. ఆవిడ ఆ కాయ వంక చూసింది, నా వంక చూసింది, తరాజు ఎత్తింది.

వంకాయ తొలిచే పురుగు కోసమే కదా బీటీ వంకాయ అంటూ దేశమంతా గొడవపడ్డాం. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో సభలు పెట్టారు, అందులో హైదరాబాదు ఒకటి. 2010 ఫిబ్రవరి 9న దాన్ని ఆపారు. విత్తనం వద్దన్నాం, మంచిదే. మరి మందు? దాని మాట మళ్లీ ఎత్తలేదు. సాగులోనే అసలు లెక్కంతా ఉందని పైన ఒప్పుకున్నాను కదా. రైతు బజారు గేటు దగ్గర అధికారులు అడిగేది, నువ్వు రైతువేనా, నీకు పొలం ఉందా, ఈ కూర నీ చేలోదేనా అని. రెవెన్యూ, ఉద్యాన శాఖల వాళ్లు చూసి ఫొటో ఉన్న కార్డు ఇస్తారు. ఎలా పండించావని ఆ కార్డు అడగదు. నిజానికి మొదటి ప్రశ్న కూడా ఇప్పుడు గట్టిగా అడగడం లేదు. చాలా బజార్లలో రైతు పేరున్న కార్డు ఒకరిది, గద్దె మీద కూర్చున్నది మారుబేరగాడు. పొద్దున్నే టోకు మార్కెట్లో బస్తా కొనుక్కొచ్చి రైతు ధర బోర్డు కింద అమ్మేవాడికి ఆ వంకాయకు ఏం కొట్టారో ఏం తెలుస్తుంది? నా దృష్టిలో బజారుకు పట్టిన అసలు మురికి ఇదే. చీపురు తీసుకెళ్లి ఊడిస్తే పోయేది కాదు.

"అందుకేగా ఆర్గానిక్ సర్టిఫికెట్ అన్నది" అంటుంది వదిన. సర్టిఫికెట్‌కు నేను శత్రువును కాను. కానీ రెండెకరాల్లో ఆకుకూర పండించే మనిషికి ఆ రుసుములూ ఆ కాగితాలూ మోయలేని బరువు. ఆ సంగతి చట్టానికే తెలుసు. 2017లో ఆర్గానిక్ ఆహారానికి నిబంధనలు రాసినప్పుడు, పండించిన చిన్న రైతు తానే నేరుగా తినేవాడికి అమ్ముకుంటే ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఎదురెదురుగా అమ్మినప్పుడు మాటకు విలువ ఉంటుందని చట్టమే నమ్మింది. నమ్మకం లేనిది మనకే. రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి చేను మరొకరు చూసి హామీ ఇచ్చుకునే పీజీఎస్ పద్ధతి కూడా ఉంది. పాత వరంగల్ జిల్లా ఏనబావి ఊరు ఊరంతా రసాయనాలు మానేసి ఎన్నో ఏళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి సాగు కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. ఆ రైతులు పండించింది మన బజారు దాకా వస్తే, మందు కొట్టిన కూర పక్కనే, అదే ధరకు, అదే గుట్టలో కలిసిపోతుంది. బహుమతి లిస్బన్‌లో, బోర్డు లేనిది బజారులో.

"వాళ్లు నిజమే చెబుతారని ఏమిటి?" అని అడుగుతారు. అందరూ చెప్పరు. కానీ అవ్వ చెప్పింది. అడిగిన వెంటనే, అమ్ముడుపోదన్న భయం లేకుండా చెప్పింది. ఎందుకంటే రేపూ ఆవిడ అక్కడే కూర్చుంటుంది, నేనూ అక్కడికే వస్తాను. పక్క గద్దె మీద కూర్చున్నది ఆవిడ ఊరి మనిషే, ఎవరి చేలో ఏ డబ్బా ఖాళీ అయిందో వాళ్లకు తెలుసు. యాప్‌లో ఆకు బొమ్మ స్టిక్కరును అడగండి, ఏం చెబుతుందో! అవ్వ మాటలో నన్ను కుదిపింది మందు సంగతి కాదు, ఆవిడ వేసిన ఎదురు ప్రశ్న. పుచ్చు కాయ కొనని నేను మందు కొట్టని కాయ ఎక్కడి నుంచి తెమ్మంటాను? సగం ధరకు ఇస్తే పుచ్చు వంకాయ కొంటానని ఆ రోజు చెప్పలేకపోయాను. మళ్లీ వారం చెప్పాను. "నిజంగనే?" అని నవ్వింది. ఇప్పుడు నా కోసం నాలుగు కాయలు వేరే తీసి పెడుతోంది. కొసరుగా కరివేపాకు రెబ్బ ఎప్పటిలాగే. మా ఆవిడ మాత్రం ఆ కాయలు కోసేటప్పుడు నన్ను తిట్టని రోజు లేదు.

తమిళనాడు వాళ్లు మన బజార్లు వచ్చిన ఏడాదే, 1999 నవంబరులో, మదురైలో ఉళవర్ సందై మొదలుపెట్టారు. పంజాబు వాళ్ల అప్నీ మండీ మనకన్నా పన్నెండేళ్లు పెద్దది. ఈ బజార్లన్నీ పుట్టింది దళారిని తప్పించి రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలని, కొనేవాడికి నాలుగు రూపాయలు తగ్గాలని. పర్యావరణం అన్న మాట అప్పుడు ఎవరి నోటా లేదు. లేకపోయినా విడిగా పోసి అమ్మడం, కాలానికి పండింది ఆ కాలంలోనే అమ్మడం, వంకరదీ నలిగినదీ కూడా ఏదో ఒక ధరకు వదిలించుకోవడం, అన్నీ వాటంతట అవే వచ్చాయి. ఇప్పుడు అభివృద్ధి పేరుతో టైల్స్ వేసి, ప్యాకెట్లు కట్టించి, చివరికి ఏసీ పెడితే ముందు పోయేవి అవే. కావలసింది వెనక గోడ దగ్గర ఓ గ్యాస్ తొట్టె, తెల్లవారుజామున ఓ బస్సు, కార్డు మీదున్న మొహమే గద్దె మీద కూర్చునేలా చూసే ఓ అధికారి. ఇంకొకటి కూడా ఉంది, దానికి ఖర్చు లేదు.

ప్రతి పురుగుమందు డబ్బా మీదా ఓ రంగు గుర్తు ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు మహా విషం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో కూడా దాంతోపాటు ఇచ్చే కాగితంలో రాస్తారు. చదువు రాని రైతుకు కూడా రంగు తెలుసు, కొట్టిన రోజు గుర్తుంటుంది. బజారు గేటు దగ్గర రోజూ ఉదయం ధరలు రాసే నల్లబల్ల ఉంటుంది కదా, దాని మీద రెండే గళ్లు: కూర పేరు, కిలో ధర. కుడి పక్కన జానెడు చోటు ఖాళీగానే ఉంది. సుద్దముక్క కూడా అక్కడే, బల్ల చట్రం మీదే ఉంటుంది.